ఓటీపీతో పెట్టిన సంతకం కిరాయి ఒప్పందానికి చెల్లుతుందా, ప్లాటు అమ్మకానికి చెల్లుతుందా?

మహబూబ్‌నగర్‌లోని మీ ఉమ్మడి ఇంటిని పదకొండు నెలలకు కిరాయికి ఇస్తూ, బెంగళూరులో ఉన్న మీ అన్నగారి చేత ఆధార్ ఓటీపీతో సంతకం చేయిస్తే చాలునా, జడ్చర్ల దగ్గరి ప్లాటును కూడా అలాగే అమ్మవచ్చునా అని అడిగారు. సంతకం వరకైతే మొదటిదానికి చాలును, రెండవదానికి చాలదు. నేను న్యాయవాదిని కాను. ఈ జిల్లాలో చిన్న కాంట్రాక్టు పనులు చేస్తూ, టెండర్ల కోసం డిజిటల్ సంతకం వాడుతూ, ఒకసారి దాని వల్లనే నష్టపోయి తెలుసుకున్న సంగతులు చెబుతున్నాను.

సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చినప్పుడు గుర్తించింది డిజిటల్ సంతకాన్ని మాత్రమే. 2008 నాటి సవరణ 3ఏ సెక్షన్‌ను చేర్చి, రెండవ షెడ్యూలులో కేంద్రం పేర్కొనే ఇతర పద్ధతులను కూడా ఎలక్ట్రానిక్ సంతకాలుగా ఒప్పుకుంది. ఆధార్ ఈ-సైన్, అంటే ఆధార్ ఓటీపీతో పెట్టే సంతకం, 2015లో ఆ షెడ్యూలులో చేరింది. మీ అన్నగారు ఓటీపీ కొట్టగానే, లైసెన్సు ఉన్న ధ్రువీకరణ సంస్థ ఒకటి ఆ సంతకం వరకే పనికివచ్చే సర్టిఫికెట్‌ను ఆయన పేరుతో జారీ చేస్తుంది కనుక, అది చట్టం దృష్టిలో సంతకమే. అయితే ఆధార్‌కు జతచేసిన ఫోన్ నంబరు ఇప్పటికీ ఆయన దగ్గరే ఉన్నదో లేదో ముందే అడగండి. ఒప్పందం ఫైలు రూపంలో ఉన్నంత మాత్రాన స్టాంపు సుంకం తప్పదు. అది కట్టని పత్రాన్ని సుంకం, జరిమానా చెల్లించేదాకా కోర్టు సాక్ష్యంగా తీసుకోదు.

ఆయన కాగితం మీద సంతకం చేసి వాట్సాప్‌లో పంపిన ఫొటోను ఒప్పందం కింద అతికించాలన్న ఆలోచన మాత్రం మానుకోండి. అది సంతకపు బొమ్మే తప్ప చట్టం చెప్పిన ఎలక్ట్రానిక్ సంతకం కాదు. ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని 10ఏ సెక్షన్ చెబుతున్న మాట నిజమే, కానీ రేపు కిరాయిదారుతో తగాదా వస్తే ఆ బొమ్మను అతికించింది ఎవరో, ఎవరి అనుమతితోనో నిరూపించే భారం మీ మీదే పడుతుంది.

ఇక నా అనుభవం. టెండర్లకు వాడే డీఎస్సీ, అంటే డిజిటల్ సంతకపు సర్టిఫికెట్ (ఆ మాట వినగానే మన ఇళ్లలో టీచరు ఉద్యోగాల పరీక్ష అనుకుంటారు) చిన్న యూఎస్‌బీ డాంగిల్‌లో ఉంటుంది. కొన్నేళ్ల క్రితం నేను నా డాంగిల్‌ను ఫారాలు నింపే కుర్రవాడి దగ్గరే వదిలి, పిన్ నంబరు రాసిన చీటీని రబ్బరు బ్యాండుతో దానికే చుట్టి ఇచ్చాను. అతను ఒక పనికి నేను చెప్పిన దానికంటే బాగా తక్కువ రేటు వేసి సమర్పించాడు. ఆ రేటుకు పని చేయలేక ధరావతు పోగొట్టుకున్నాను. ఆఫీసుకు వెళ్లి మొరపెట్టుకుంటే సంతకం మీదే కదా అన్నారు. కోపం వచ్చింది కానీ, వారన్నది సరైనదే. రహస్య కీని (డాంగిల్‌లో ఉండి మన సంతకం పెట్టేది అదే) జాగ్రత్తగా కాపాడుకోవలసిందీ, అది ఇతరుల చేతిలో పడితే ఆలస్యం చేయకుండా ధ్రువీకరణ సంస్థకు తెలపవలసిందీ సంతకదారేనని 42వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఇతరుల ఎలక్ట్రానిక్ సంతకాన్ని మోసపూరితంగా వాడినవారికి 66సీ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నా, పిన్ నంబరుతో సహా నేనే అప్పగించాక మోసమని ఏ ముఖంతో ఫిర్యాదు చేయను? మీ అన్నగారు కూడా ఓటీపీని ఫోన్‌లో మీకు చదివి వినిపించకుండా, పత్రం చదువుకుని తానే కొట్టడం మంచిది.

సంతకం అయ్యాక ఆ పీడీఎఫ్ ఫైలునే భద్రపరచండి, ప్రింటు తీసి ఫైలును చెరిపేయవద్దు. సంతకాన్ని సరిచూసే ఆధారం ఫైలులోనే ఉంటుంది, కాగితం మీదికి రాదు. ఫైలు తెరిచినప్పుడు సంతకం పక్కన ప్రశ్నార్థకం కనిపిస్తే కంగారు పడకండి. మీసేవ సర్టిఫికెట్లలో కూడా అది కనిపిస్తుంది. చాలాసార్లు మన కంప్యూటరులోని ప్రోగ్రాముకు భారత ప్రభుత్వ మూల సర్టిఫికెట్‌ను నమ్మమని చెప్పకపోవడమే దానికి కారణం.

ప్లాటు సంగతి వేరు. స్థిరాస్తి అమ్మకపు ఒప్పందాలు, పత్రాలు తొలుత ఈ చట్టం మినహాయింపుల జాబితాలో, అంటే ఈ చట్టం వర్తించని పత్రాల జాబితాలో ఉండేవి. 2022 సెప్టెంబరులో కేంద్రం ఆ పద్దును తొలగించింది. దానిని చూపించి ఇక భూమిని కూడా ఓటీపీతో అమ్మవచ్చునని కొందరు ప్రచారం చేస్తున్నారు. కానీ వంద రూపాయలు, ఆ పైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకాన్ని రిజిస్టరు చేయించాలన్న నియమం మారలేదు కనుక, మీ అన్నగారు సబ్‌రిజిస్ట్రార్ ముందుకు రావలసిందే. రాలేకపోతే, తన తరఫున పత్రం దాఖలు చేసే అధికారాన్ని మీకిస్తూ ఆయన బెంగళూరులో తాను నివసించే ప్రాంతపు సబ్‌రిజిస్ట్రార్ ఎదుట అధికారపత్రం (పవర్ ఆఫ్ అటార్నీ) రాసి ధ్రువీకరింపజేసుకోవాలి. దానిని కూడా ఓటీపీతో ముగించే వీలు లేదు, ఎందుకంటే బ్యాంకుల వంటి నియంత్రిత సంస్థలకు ఇచ్చేవి తప్ప అధికారపత్రాలు ఇప్పటికీ ఆ మినహాయింపుల జాబితాలోనే ఉన్నాయి.