పాత టూరింగ్ కారవాన్ కొని ఆరు నెలలు అందులోనే ఉండాలంటే ఏం చూసుకోవాలి?

ఇద్దరు మనుషులు, ఒక మామూలు కారు, దాని వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు, అంటే ఎవరో వాడిన కారవాన్, ఆరు నెలల ప్రయాణం. ఏడేళ్ల క్రితం మేమూ ఇదే లెక్కతో బయలుదేరాం, అందుకే మీ ప్రశ్నకు కాస్త వివరంగా రాస్తున్నాను. కొనేటప్పుడు ఏం చూడాలి, లాగడం కష్టమా, లోపల నెలల తరబడి ఉండగలమా అని మూడు విషయాలు అడిగారు. మీరు అడగనిది బరువు గురించి. లాగడమూ, లోపల బతకడమూ రెండూ దానితోనే ముడిపడి ఉన్నాయి కాబట్టి ముందు అదే చెబుతాను.

ప్రతి కారవాన్‌కూ రెండు బరువులుంటాయి. సామాను ఎక్కించక ముందు బండి బరువు ఒకటి, అన్నీ ఎక్కించాక కూడా దాటకూడని గరిష్ఠ బరువు ఇంకొకటి. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాలోనే మీ సంసారమంతా ఇమడాలి. మా మొదటి బండికి ఆ తేడా 150 కిలోలు. వినగానే చాలా ఎక్కువనిపించింది. బ్యాటరీ, తలుపు ముందు వేసుకునే గుడారం, మడత కుర్చీలు, గిన్నెలు, బట్టలు, పుస్తకాలు, రెండు సైకిళ్లు ఎక్కించి లారీలు తూచే కాటా మీద పెడితే పరిమితికి 60 కిలోలు ఎక్కువ తేలింది. మీరు మాత్రం బయలుదేరే ముందే తూయించండి. కారవాన్ గరిష్ఠ బరువు కారు బరువులో 85 శాతం దాటకుండా చూసుకోమని కొత్తవాళ్లకు చెబుతారు. 1,500 కిలోల కారయితే 1,275 కిలోల లోపు కారవాన్ అన్నమాట. ఇది మంచి అలవాటే తప్ప చట్టం కాదు. కారు తయారీదారు ఇంత బరువే లాగాలని పెట్టిన హద్దును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మీరకూడదు. మీ లైసెన్సు ఎంత బరువు వరకు చెల్లుతుందో కూడా కొనకముందే తెలుసుకోండి.

ఎంత బరువన్నది ఒక ఎత్తు, ఆ బరువు ఎక్కడ పెట్టామన్నది ఇంకో ఎత్తు. కారు వెనక కారవాన్‌ను తగిలించే ఇనుప బంతి, అంటే టో బాల్ మీద కారవాన్ మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం పడాలి. 1,200 కిలోల బండికి 60 నుంచి 84 కిలోలు. అయితే కారుకూ, ఆ బంతిని కారుకు బిగించే టో బార్‌కూ విడివిడిగా రాసి ఉన్న పరిమితుల్లో ఏది తక్కువో దాన్ని ఇది దాటకూడదు. బరువు చూసుకునే ఇంటి త్రాసు మీద గట్టి కర్రముక్క నిలబెట్టి, దాని మీద కారవాన్ ముందు కొక్కేన్ని ఆనిస్తే ఆ బరువు తెలిసిపోతుంది. బరువైన సామానంతా ఇరుసు దగ్గర, నేల మీద ఉండాలి. పై అరల్లో తేలికైనవే పెట్టాలి.

ఇంత నొక్కి చెప్పడానికి కారణముంది. మొదటి నెలలో మేము ఆ సైకిళ్లను కారవాన్ వెనక గోడకు తగిలించాం. వాలు రోడ్డు మీద నేను నడుపుతుండగా ఒక బస్సు మమ్మల్ని దాటింది. ఆ గాలికి కారవాన్ కుడికి ఊగింది, తర్వాత ఎడమకు, మళ్లీ ఇంకాస్త ఎక్కువగా కుడికి. అది పాములా మెలికలు తిరుగుతుంటే కారు వెనక భాగం కూడా దాని వెంట జరగడం నాకు సీట్లోనే తెలిసింది. బ్రేకు గట్టిగా తొక్కాలని కాలు తహతహలాడుతుంది. తొక్కకండి. స్టీరింగుతో సరిదిద్దబోయినా ఊపు పెరుగుతుంది. యాక్సిలరేటర్ మీద నుంచి మెల్లగా కాలు తీసి, స్టీరింగును తిన్నగా పట్టుకుని, వేగం దానంతటదే తగ్గేదాకా ఓపిక పట్టాలి. ఆ కొద్ది క్షణాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఆ సాయంత్రమే సైకిళ్లను వెనక నుంచి తీసేశాం. ఊపును అదుపు చేసే ప్రత్యేకమైన కొక్కెం, స్టెబిలైజర్ హిచ్, తప్పక ఉండాలి. కానీ తప్పుగా ఎక్కించిన బరువును అది సరిచేయలేదు.

ఇక కొనడం. చెమ్మ చూడండి, మళ్లీ చెమ్మే చూడండి. పాత కారవాన్లలో ఎక్కువ వాటికి గోడ లోపల చెక్క ఫ్రేము ఉంటుంది. అతుకుల్లో పూసిన సీలెంటు కాలక్రమంలో ఎండి పగుళ్లిస్తే, నీళ్లు లోపలికి దిగి ఆ చెక్కను ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా కుళ్లబెడతాయి. మేము మెత్తని సీట్లు, కొత్త పరదాలు చూసి ముచ్చటపడి కొన్నాం. నాలుగు నెలల తర్వాత ముందు కిటికీ కింద గోడను వేలితో నొక్కితే లోపలికి పోయింది. రెండోసారి కొన్నప్పుడు వాన వెలిసిన మర్నాడు వెళ్లాం. తలుపు తీయగానే బూజు వాసన వస్తుందేమో చూశాం. అరలన్నీ తెరిచి మూలలు, కిటికీల చుట్టూ, పైకప్పు కిటికీల అంచులు తడిమాం. చెమ్మ మీటరు 15 శాతం లోపు చూపితే సాధారణంగా భయం లేదు. 20 దాటితే మరమ్మతు తప్పదనుకోవాలి. తలుపు దగ్గర, వంటగట్టు ముందు నేల మీద నడిచి చూడండి. అడుగు కింద మెత్తగా కుంగితే నేల పొరలు విడిపోతున్నట్టే. టైర్లు కొత్తవాటిలా కనిపించినా నమ్మవద్దు. పక్కన ఉండే నాలుగంకెల్లో 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. కారవాన్ టైరు అరిగి పాడవడం అరుదు, ఒకేచోట నిలబడి ముసలిదవుతుంది. అయిదారేళ్లు దాటితే మార్చేయండి.

వెనక్కి నడపడం ఖాళీ మైదానంలో రెండు పూటలు సాధన చేస్తే వస్తుంది. స్టీరింగును కింది భాగంలో పట్టుకుంటే చెయ్యి ఎటు కదిపితే కారవాన్ వెనక భాగం అటు పోతుంది. బ్రేక్‌అవే కేబుల్ తగిలించకుండా మాత్రం కదలకండి. కొక్కెం ఊడిపోతే కారవాన్ బ్రేకు వేసేది ఆ సన్నని తీగే.

లోపల ఉండటం గురించి మీరు భయపడుతున్నది ఇరుకు. నన్నడిగితే ఇరుకు వారంలో అలవాటైపోతుంది, తేమ అలవాటు కాదు. ఇద్దరి ఊపిరి, వంట ఆవిరి, ఆరేసిన తువ్వాళ్లు, అన్నీ తెల్లారేసరికి కిటికీల మీద నీళ్లై కారుతాయి. వంట గ్యాసుగా వాడే ప్రొపేన్ ఒక కిలో మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. అందుకే చలిలోనూ పైకప్పు కిటికీని కాస్త తెరిచి ఉంచుతాం. పరుపు కింద గాలి ఆడేలా రోజూ ఎత్తి పెడతాం. చలిగాలి వస్తోందని గోడకూ నేలకూ ఉన్న గాలి రంధ్రాలను ఎప్పుడూ మూయవద్దు. అవి మీ ప్రాణాలు కాపాడటానికే ఉన్నాయి. కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టుకోండి. చలికాలం మీ ప్రయాణంలో ఉంటే ప్రొపేన్ సిలిండరే తీసుకోండి. బ్యూటేన్ 0 డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది.

ఎక్కడ ఆగినా ముందు బండిని సమంగా నిలపాలి. చక్రం కింద దిమ్మె పెట్టి పక్కలు సరిచేసి, తర్వాత ముందున్న చిన్న చక్రంతో ముందూ వెనకా సరిచేస్తాం. నాలుగు మూలల్లో దించే కాళ్లు బండి కదలకుండా ఆపడానికే, దాన్ని ఎత్తడానికి కాదు. గ్యాసు మీద నడిచే ఫ్రిజ్ వంకరగా నిలబెడితే సరిగా చల్లబడదు. నీళ్ల డబ్బాకు 40 లీటర్లు పడతాయి. పొదుపుగా వాడితే మాకు రోజున్నర వచ్చేవి. నీళ్లు మోసుకురావడం, వాడిన నీళ్లు పారబోయడం, టాయిలెట్ కింద మలం చేరే డబ్బాను (క్యాసెట్) ఖాళీ చేయడం, ఈ మూడు పనులను ఇద్దరూ వంతులు వేసుకోండి. మా మధ్య జరిగిన గొడవల్లో సగం ఆ వంతులు లేనందువల్ల జరిగినవే.

ఆరు నెలలకు ఒకేసారి బయలుదేరకుండా, ముందు ఇంటికి గంట దూరంలో మూడు రాత్రులు గడిపి చూడండి. మేము రెండో బండితో అలాగే చేశాం. తిరిగొచ్చి 40 కిలోల సామాను దించేశాం, ఒక పొడవాటి నీళ్ల గొట్టం, ఒక టార్చిలైటు మాత్రం ఎక్కించుకున్నాం.