పెట్టె విప్పిన రోజే లేతు తిప్పకు

నెల్లిమర్ల

చిరంజీవి అల్లుడికి మామయ్య దీవెనలు.

కాశీబుగ్గలో షాపు తీసుకున్నావని, ఇనుప కడ్డీని తిప్పుతూ కోసే లేతు (చైనా నుంచి వచ్చిన చిన్నది), దానికి కడ్డీని పట్టుకునే మూడు దవడల చక్కు, రంధ్రాలు వేసేటప్పుడు పనిని బిగించే డ్రిల్లు వైసు, సానపట్టే గ్రైండరు కొన్నావని మీ అమ్మ చెప్పింది. పలాస చుట్టూ జీడిపప్పు మిషన్లు ఉన్నన్నాళ్ళూ తిరిగే షాఫ్టులు, అవి ఆడే గొట్టాల్లాంటి బుష్షులు అరుగుతూనే ఉంటాయి. నీకు పనికి లోటుండదు. సామాను ఇంకా పెట్టెల్లోనే ఉందని విని వెంటనే రాస్తున్నాను. ఈ ఉత్తరం చదివేదాకా లేతుకి కరెంటు ఇవ్వకు.

చవకది కొన్నందుకు నిన్ను తప్పుపట్టను. నీ దగ్గరున్న డబ్బుకి అదే వస్తుంది. అయితే ధర ఎక్కడ తగ్గిందో తెలుసుకో. ఇలాంటి వాటిలో పోత, అంటే అచ్చులో పోసిన ఇనుము, చాలావరకు బాగానే ఉంటుంది. తగ్గించింది చివరి పని. అంచులు నున్నగా చేయడం, లోపల కడగడం, భాగాలను ఒకదానికొకటి సరిచూసి బిగించడం మనిషి కూర్చుని గంటలు గంటలు చేయాల్సినవి. ఆ కూలి మిగుల్చుకుని సరుకు పంపేశారు. మన బుడితిలో ఇత్తడి గిన్నెను అచ్చులోంచి తీసి అలాగే అంగట్లో పెట్టరు కదా, గీకి, అరగదీసి, మెరుగు పెట్టాకే అమ్ముతారు. నీకు వచ్చింది అచ్చులోంచి తీసిన గిన్నె అనుకో. మిగిలిన పని నీది.

ముందు దాని ఒంటినిండా పూసిన జిగట గ్రీజు తుడవాలి. అది తుప్పు పట్టకుండా ఓడ ప్రయాణానికి పూసింది, కందెన కాదు. పోత ఇసుక, ఇనుప రజను అందులోనే అంటుకుని ఉంటాయి. కిరోసిన్‌లో గాని డీజిల్‌లో గాని బ్రష్షు ముంచి కడుగు. తలుపులు తీసి పెట్టుకో, దగ్గర్లో వెల్డింగు గాని బీడీ గాని ఉండకూడదు. ఒక రోజులో ఎంత భాగం పూర్తి చేయగలవో అంతే కడుగు. మీది సముద్రపు గాలి. కడిగిన ఉక్కును రాత్రికి పొడిగా వదిలేస్తే తెల్లారేసరికి నీ వేలిముద్రలే ఎర్రగా తేలతాయి. తుడవగానే పలచగా నూనె రాయి. 2018 తిత్లీ తుఫానప్పుడు టెక్కలిలో నాకు తెలిసిన షాపులో నూనె పూసి గుడ్డ చుట్టిన చక్కు బాగుంది, పక్కనే ఉత్తగా ఉన్న వైసు స్క్రూ బిగుసుకుపోయింది.

చక్కు సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే అక్కడే ఎక్కువమంది చెడగొట్టుకుంటారు. దవడలను తీసేముందు వాటి మీద, అవి కూర్చునే గాడుల దగ్గర 1, 2, 3 అంకెలు ఉన్నాయో లేదో చూడు. లేకపోతే నువ్వే గుర్తులు పెట్టు. వెనక బోల్టులు విప్పితే లోపల చుట్లుచుట్లుగా గాడి తీసిన పళ్ళెం వస్తుంది, దాన్ని స్క్రోలు అంటారు. దాని చుట్ల మధ్య వేలుగోరు పెట్టి లాగు. గోరు గరుకుగా తగిలిన చోటల్లా బర్రు, అంటే కోతలో మిగిలిన పదునైన అంచు, ఉన్నట్టు. చిన్న ఆయిల్ రాయితో, అంటే నూనె వేసి వాడే సానరాయితో, ఆ అంచు మీద రెండు మూడు సార్లు రుద్దు, చాలు. గాడి పక్క గోడను మాత్రం తాకకు, దవడ పట్టు దాని మీదే. మళ్ళీ కడిగి, పలచగా గ్రీజు రాసి బిగించు. ఇప్పుడు చక్కు తాళంచెవి తిప్పుతూ ఉంటే ఒకటో గాడిలో స్క్రోలు చుట్టు మొదలు కనిపిస్తుంది. అది కొంచెం వెనక్కి వెళ్ళగానే ఒకటో దవడ పెట్టు, తర్వాత రెండోది, తర్వాత మూడోది. వరస తప్పితే మూడూ మధ్యలో కలవవు. నేను మిల్లు మరమ్మతు షెడ్డులో చేరిన కొత్తలో రెండో దవడ, మూడో దవడ తారుమారు చేసి పెట్టాను. పూటంతా కడ్డీ ఎందుకు ఊగుతోందో తెలియక, మంచి షాఫ్టు ముక్క రెండుసార్లు తక్కువ సైజుకి కోసి పారేశాను.

అన్నీ సరిగ్గా చేసినా చవక చక్కులో కడ్డీ మిల్లీమీటరులో పదో వంతు దాకా ఊగవచ్చు. దానికి దిగులుపడకు. బుష్షు లోపలి రంధ్రం, బయటి వ్యాసం ఒకే బిగింపులో తీస్తే రెండూ ఒకే కేంద్రానికి వస్తాయి. పనిని తీసి తిప్పి పట్టినప్పుడే ఆ ఊపు బయటపడుతుంది. తిప్పి పట్టక తప్పని పనులకు దవడలు విడివిడిగా కదిలే నాలుగు దవడల చక్కు తర్వాత కొనుక్కో.

వైసుకి ఒక పరీక్ష ఉంది. రెండు ఒకే మందం ఉన్న ఉక్కు పట్టీలు అడుగున పెట్టి, ఒక్కో పట్టీ కింద సన్నని కాగితం ముక్క ఉంచి, పైన నున్నటి దిమ్మ పెట్టి బిగించు. బిగించాక కాగితాలు లాగి చూడు. రెండూ గట్టిగా ఉంటే మంచిది. కదిలే దవడ వైపు కాగితం సులువుగా వచ్చేస్తే బిగించేటప్పుడు ఆ దవడ పైకి లేస్తోందన్నమాట. నువ్వు వేసే రంధ్రాలన్నీ ఆ మేరకు వంకరపోతాయి. దవడ కింద రెండు బోల్టులతో ఉండే పట్టీని విప్పు. మందపాటి గాజు పలక మీద ఎమెరీ కాగితం పరిచి, పట్టీలో దవడకు ఆనే భాగాన్ని కొద్దికొద్దిగా రుద్దు. రుద్దినప్పుడల్లా బిగించి చూసుకో. దవడ చేతికి సాఫీగా జరగాలి, పైకి కిందికి మాత్రం ఆడకూడదు. అక్కడ ఆగు. ఎక్కువ తీస్తే దవడ బిగుసుకుపోతుంది. లేతు మీద భాగాలు జారే పట్టాలకు మాత్రం ఎమెరీ తగలనీయకు. దాని రేణువులు పోత ఇనుములో ఇరుక్కుని ఏళ్ళ తరబడి అరగదీస్తాయి. అక్కడ నూనె, ఆయిల్ రాయి, గుడ్డ మాత్రమే.

లంబకోణం సరిచూసే మూలమట్టం కూడా ఆ పెట్టెలోనే వచ్చి ఉంటుంది. నేరుగా ఉన్న అంచుకి ఆనించి గీత గీయి, మట్టాన్ని తిప్పి అదే చోట మళ్ళీ గీయి. రెండు గీతలూ కలవకపోతే మట్టంలో తప్పుకి రెండింతలు నీ కళ్ళ ముందు ఉన్నట్టు.

బాగుచేయలేనివి కూడా ఉంటాయి. పాత ఆకురాయి తీసుకుని చక్కు దవడ చివర మెల్లగా గీయి. ఆకురాయి జారితే ఉక్కు గట్టిది. కొరికితే మెత్తది, ఎంత మెరుగుపెట్టినా త్వరగా అరుగుతుంది, అమ్మినవాడికి తిప్పి పంపెయ్యి. పగులు కనిపించిన పోతనూ అంతే. తిప్పి పంపడానికి గడువు ఎన్నాళ్ళో ఇవాళే చూసుకో, కాగితాలు, పెట్టె పారేయకు.

గ్రైండరు రాయిని బిగించేముందు నడిమి రంధ్రంలో వేలు పెట్టి ఎత్తి పట్టుకుని, స్క్రూడ్రైవరు కర్ర పిడితో మెల్లగా తట్టు. ఖంగుమనాలి. మొద్దుగా మోగితే లోపల పగులుంది, అది వాడకు. రాయి మీద రాసిన వేగం గ్రైండరు వేగం కన్నా తక్కువ ఉండకూడదు. మోటారుకి అంటించిన వివరాల రేకు మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉందో లేదో చూడు, బయటి దేశాల కోసం చేసిన 110 వోల్టులవి కూడా మనకు వస్తుంటాయి. ప్లగ్గులో లావు పిన్నుకీ లేతు ఒంటికీ మధ్య మల్టీమీటరు పెట్టి ఎర్తు అందుతోందో లేదో చూసుకో. చాలాసార్లు ఎర్తు స్క్రూ కింద రంగు పొర అడ్డుపడుతుంది. గీకి, మెరిసే ఇనుము కనిపించాక బిగించు.

మిల్లులో నేను వాడిన ఆయిల్ రాయి, సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజి శుక్రవారం పలాస వచ్చే మన పక్కింటాయనతో పంపుతున్నాను. చక్కు విప్పాక స్క్రోలు ఫోటో తీసి పంపు, ఎక్కడ రుద్దాలో గుర్తు పెట్టి చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య