చెవి మిషన్ల సెంటర్లో జాబా, ఎమ్మెస్సీ ఆడియాలజీనా? గుంటూరు నాన్నగారికి నా జవాబు

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అమ్మాయి సికింద్రాబాద్‌లో బీఏఎస్‌ఎల్‌పీ (వినికిడి, మాట సమస్యల మీద డిగ్రీ) ఇంటర్న్‌షిప్‌లో ఉంది. విజయవాడలో ఒక చెవి మిషన్ల సెంటర్ వాళ్ళు జాబ్ ఇస్తామంటున్నారు, తనేమో ఎమ్మెస్సీ చేసి మిషన్లు, కాక్లియర్ ఇంప్లాంట్ల మీద రీసెర్చ్ చేస్తానంటుంది. పేషెంట్లని చూసే చదువు చదివి మళ్ళీ ల్యాబ్‌లో కూర్చోవడం ఎందుకని మా బాధ. ఏం చెయ్యమంటారు?

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, నన్నడిగితే అమ్మాయిని ఎమ్మెస్సీకే పంపించండి. పేషెంట్లని చూడటం ఒక దారి, రీసెర్చ్ ఇంకో దారి అని మీరు విడదీసి చూస్తున్నారు గానీ ఈ ఫీల్డ్‌లో అలా ఉండదండీ, ప్రశ్నలన్నీ పేషెంట్ ఎదురుగా కూర్చున్నప్పుడే పుడతాయి.

చెవి మిషన్ శబ్దాన్ని పెంచి ఇస్తుంది. ఇంప్లాంట్ అలా కాదు, లోపల పాడైన భాగాన్ని దాటేసి నేరుగా వినికిడి నరానికే కరెంట్ ఇస్తుంది. 1978లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో డాక్టర్ గ్రేమ్ క్లార్క్ టీమ్ ఎక్కువ ఛానళ్ళ ఇంప్లాంట్ పెట్టారు, ఇప్పుడు కంపెనీని బట్టి లోపల మామూలుగా 12 నుంచి 22 దాకా ఎలక్ట్రోడ్లు, అంటే కరెంట్ ఇచ్చే చిన్న చిన్న బిందువులు ఉంటాయి. ఆపరేషన్ చేసేది ఈఎన్‌టీ సర్జనే, కానీ ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇంప్లాంట్ పెట్టించుకున్న పిల్లాడిని చూసేది ఆడియాలజిస్టే, అంటే మీ అమ్మాయిలా వినికిడి గురించి చదివినవాళ్ళే. ఒక్కో ఎలక్ట్రోడ్‌కి ఎంత కరెంట్ ఇస్తే వినపడటం మొదలవుతుంది, ఎంత దాటితే ఇబ్బంది పడతాడు అని చూసి సెట్ చెయ్యాలి, దాన్నే మ్యాపింగ్ అంటారు. రెండేళ్ళ పిల్లాడు నోటితో చెప్పలేడు కదా, ఆడుకుంటున్న బొమ్మ ఆపాడా, కన్ను ఆర్పాడా, అమ్మ వైపు తిరిగాడా అని చూసి పట్టుకోవాలి. ఆ తర్వాత ఆ, ఈ, ఊ, మ్, స్, ష్ అని ఆరు శబ్దాలు నోరు కనపడకుండా పలికి ఏవి అందుతున్నాయో చూస్తారు.

ఇప్పుడు రీసెర్చ్ ఎక్కడ మొదలవుతుందో చూడండి. ఇంప్లాంట్ శబ్దం పొడవుని, ఆగిన టైమ్‌ని బాగానే అందిస్తుంది, కానీ నాలుక ఎక్కడ తగిలిందో చెప్పే సన్నని తేడాలు అంత బాగా అందించలేదు. అంటే గుడి, గుడ్డి మధ్య తేడా దొరకడం కొంచెం తేలికే అవ్వాలి, పాట, పాత మధ్య తేడా కష్టం అవ్వాలి. మరి మన పిల్లల్లో నిజంగా అలాగే ఉందా, ఏ సెట్టింగ్ మారిస్తే ట, త విడివిడిగా వినపడతాయి అన్నది తెలుగు పిల్లల్ని కూర్చోబెట్టి తెలుగు మాటలతో చూస్తేనే తేలుతుంది. ఇక చెవి మిషన్లు సెట్ చెయ్యడానికి చాలామంది వాడే ఆస్ట్రేలియా వాళ్ళ ఎన్‌ఏఎల్ ఫార్ములా ఉంది, అది భాష గురించి అడిగేది ఒక్కటే, చైనీస్ లాగా స్వరం మారితే అర్థం మారే భాషా కాదా అని. మిగతాదంతా మనవాళ్ళే చూసుకోవాలి, మీ అమ్మాయి లాంటి వాళ్ళే, తెలుగు ఇంట్లో పుట్టి ఈ సబ్జెక్ట్ చదివిన వాళ్ళు.

ఇంకో సంగతి, నాకు చాలా ముఖ్యం అనిపించేది. ఇప్పటి మిషన్లలో రోజుకి ఎన్ని గంటలు వాడారో లోపలే రికార్డ్ అవుతుంది. తాతగారు రోజంతా పెట్టుకుంటున్నారండీ అని ఇంట్లో వాళ్ళు చెప్తారు, కంప్యూటర్‌కి పెడితే రోజుకి గంట కూడా ఉండదు. ఎందుకు తీసేస్తున్నారు? మే నెలలో మన ఎండకి చెమట లోపలికి పోతుందనా, విజయవాడ బీసెంట్ రోడ్డులో హారన్లే తప్ప పక్కనోళ్ళ మాట వినపడట్లేదనా, నలుగురూ చూస్తారనా? కారణం పట్టుకుంటే వేలు పోసి కొన్న మిషన్ సొరుగులో పడుండదు కదండీ. ఇది కూడా రీసెర్చే, దీనికి ల్యాబ్ కంటే ఓపిగ్గా మాట్లాడటం ఎక్కువ కావాలి.

పైగా ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ కింద చిన్నప్పుడు ఇంప్లాంట్ పెట్టించుకున్న పిల్లలు ఇప్పుడు పెద్ద చదువులకి వచ్చారు. క్లాసులో ఎలా నెట్టుకొస్తున్నారు, చెవి మీద బయట పెట్టుకునే ప్రాసెసర్ పాడైతే ఏం చేస్తున్నారు అని వాళ్ళ వెంట ఉండి చూసేవాళ్ళు కావాలి.

చదువు విషయానికొస్తే ఎమ్మెస్సీలో ఆడియాలజీ, స్పీచ్ విడివిడి కోర్సులు, రెండేళ్ళు, డిసర్టేషన్ అని సొంతంగా ఒక రీసెర్చ్ చేసి రాసేది ఉంటుంది, క్లినిక్ పోస్టింగులు కూడా ఉంటాయి కాబట్టి పేషెంట్లకి దూరం అవుతుందన్న భయం వద్దు. 1965లో పెట్టిన మైసూరు ఆయిష్‌కి (ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్) మొదటి ప్రాధాన్యం ఇవ్వమనండి, ముంబైలో అలీ యావర్ జంగ్ సంస్థ కూడా ఉంది. నోటిఫికేషన్లు ఇప్పటినుంచే చూస్తూ ఉండాలి. తర్వాత పీహెచ్‌డీకి ఫెలోషిప్పులు ఉంటాయి, కాలేజీల్లో టీచింగ్, పెద్ద ఆస్పత్రుల ఈఎన్‌టీ విభాగాలు, ఇంప్లాంట్ కంపెనీల్లో క్లినికల్ జాబులు ఉంటాయి.

డబ్బు ఇబ్బంది ఉంటే ఒక ఏడాది జాబ్ చేసి వెళ్ళినా తప్పు లేదండీ, కానీ ఏ జాబ్ అన్నది చూడాలి. ఆ విజయవాడ సెంటర్ వాళ్ళని అమ్మాయినే అడగమనండి: మిషన్ పెట్టాక చెవి లోపల సౌండ్ కొలిచే పరికరం ఉందా, ఇంప్లాంట్ పిల్లలు మ్యాపింగ్‌కి వస్తారా, జీతం మిషన్ల అమ్మకం టార్గెట్‌తో ముడిపడి ఉందా. మొదటి రెండింటికీ లేదని, మూడోదానికి అవునని అంటే మాత్రం అక్కడ వద్దు, ఆ ఏడాదిలో తను నేర్చుకునేది అమ్మడమే. ఎక్కడ చేరినా ముందు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఇంటర్న్‌షిప్ అవ్వగానే దానికి అప్లై చెయ్యమని చెప్పండి.