బడి మైదానంలో డిస్క్ గోల్ఫ్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేము మిచిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ శివారులో ఉంటున్నాము. మా అబ్బాయి నాలుగో తరగతి చదువుతున్న బడి వెనుక మైదానంలో ఈ మధ్య గొలుసులు వేలాడే తొమ్మిది ఇనుప బుట్టలు పాతి, డిస్క్ గోల్ఫ్ కోర్సు అని బోర్డు పెట్టారు. ఆటల పీరియడ్‌లో పిల్లల చేత ఆడిస్తున్నారు. సెలవు రోజుల్లో చుట్టుపక్కల వాళ్ళు కూడా వచ్చి ఆడుతున్నారు. మాకు క్రికెట్, షటిల్ తప్ప మరో ఆట తెలియదు. ఈ వేసవికి మా అత్తగారు, మామగారు కూడా వచ్చి మా దగ్గరే ఉన్నారు. అందరం కలిసి వెళ్ళి ఆడవచ్చా? ఏమేమి కొనాలి? (ఒక పాఠకురాలు, మిచిగన్)

జవాబు: తప్పకుండా వెళ్ళవచ్చు. అయితే అది బడి స్థలం కాబట్టి తరగతులు జరిగే వేళల్లో విద్యార్థులకు తప్ప బయటివారికి సాధారణంగా ప్రవేశం ఉండదు. మొదటి బుట్ట దగ్గర పెట్టిన బోర్డు మీద వేళలు రాసి ఉంటాయి. లేకపోతే బడి ఆఫీసులో ఒక్క మాట అడగండి. సాయంత్రాలు, శని ఆదివారాలు వెళ్ళినప్పుడు కూడా మైదానంలో పిల్లల సాకర్ సాధన వంటిది జరుగుతూ ఉంటే, వారు పూర్తిచేసేదాకా ఆగడమో, ఆ వైపు బుట్టలను వదిలి మిగిలినవి ఆడుకోవడమో చేయాలి.

ఆట విధానం తేలిక. టీ అని పిలిచే చోట నిలబడి బుట్ట వైపు డిస్క్, అంటే పళ్ళెం లాంటి ప్లాస్టిక్ బిళ్ళ, విసరాలి. అది పడిన చోటికి నడిచి వెళ్ళి, అక్కడి నుంచి మళ్ళీ విసరాలి. డిస్క్ బుట్టలో పడి ఆగేదాకా ఎన్నిసార్లు విసిరారో లెక్కపెట్టుకుని తరువాతి టీకి వెళ్ళాలి. ఒక టీ నుంచి దాని బుట్ట దాకా ఆడేదాన్ని హోల్ అంటారు. తొమ్మిది హోళ్ళు ముగిసేసరికి ఎవరి మొత్తం తక్కువగా ఉంటే వారు గెలిచినట్లు. మొదటి టీ దగ్గర ఎవరు ముందు విసిరినా ఫరవాలేదు. ఆ తరువాత గత హోల్‌లో తక్కువ విసుర్లతో ముగించినవారు ముందు విసురుతారు, టీ దాటాక బుట్టకు ఎక్కువ దూరంలో ఉన్నవారిది ముందు వంతు. బుట్టకు పది మీటర్ల లోపలి నుంచి విసిరినప్పుడు, విసిరిన ఊపులో ముందుకు పడిపోకుండా నిలదొక్కుకున్న తరువాతే అడుగు ముందుకు వేయాలి. హద్దు దాటి పార్కింగ్ స్థలంలో పడితే ఒక విసురు అదనంగా లెక్కలోకి వస్తుంది. బడి కప్పు మీద పడితే మాత్రం ఎవరూ ఎక్కకూడదు. మరునాడు ఆఫీసులో చెబితే వారే తీసి ఇస్తారు.

ఈ ఆటకు ప్రత్యేకంగా స్థిరమైన కోర్సు మొదట ఏర్పడింది 1975లో, కాలిఫోర్నియాలో పాసడీనా సమీపంలోని ఓక్ గ్రోవ్ పార్కులో. దాన్ని రూపొందించిన ఎడ్ హెడ్రిక్, ఫ్రిస్బీలు తయారుచేసే వామ్-ఓ సంస్థలో పనిచేసినవారు. అక్కడ తొలుత పాతినవి ఉత్త గుంజలే. ఇప్పుడు మీ అబ్బాయి బడిలో ఉన్నటువంటి గొలుసుల బుట్టకు ఆయన 1977లో పేటెంటు పొందారు. వేగంగా వచ్చిన డిస్క్ గొలుసులకు తగిలి, ఊపు చచ్చి, కింది బుట్టలో పడుతుంది. గుంజకు తగిలిందా లేదా అన్న వాదనకు ఇక తావు లేకుండా పోయింది. ఇప్పుడు అమెరికాలో వేలాది కోర్సులున్నాయి, వాటిలో అత్యధికం పబ్లిక్ పార్కుల్లో ఉచితంగా ఆడుకోగలిగినవే.

ఇంత ప్రాచుర్యం ఉన్న ఆట కాబట్టి నేరుగా పెద్ద పార్కు కోర్సుకే వెళితే ఏమని మీకు అనిపించవచ్చు. నేను వద్దనే అంటాను. కొత్తవారికి ఈ ఆట మీద ఇష్టం పుట్టేదీ, విరక్తి కలిగేదీ ముఖ్యంగా దూరాన్ని బట్టే. పదేళ్ళ పిల్లవాడు మొదట్లో ఇరవై, ముప్పై మీటర్లు విసరగలిగితే గొప్ప. పెద్దవారికి కూడా మొదటి నెలల్లో యాభై మీటర్లు దాటడం కష్టమే. నలభై మీటర్ల హోల్ అయితే ఆ పిల్లవాడు రెండు విసుర్లలో బుట్ట దగ్గరికి చేరి, మూడో నాలుగో విసురుకు గొలుసుల చప్పుడు వింటాడు. అదే పోటీలు జరిగే కోర్సులో వంద మీటర్లు పైబడిన హోల్ అయితే బుట్ట కంటికి ఆనేలోపే అలసిపోతాడు, వెనుక వచ్చే ఆటగాళ్ళు ఎదురుచూస్తున్నారన్న బెరుకు కూడా తోడవుతుంది. బడి ఆవరణలోని కోర్సు పొట్టిగా ఉండడం స్థలం చాలక వచ్చిన లోపం కాదు, అదే దాని బలం. అక్కడ అందరూ నిలకడగా ఆడగలిగాక మీకు అందుబాటులో ఉన్న కెన్సింగ్టన్, హడ్సన్ మిల్స్ మెట్రోపార్కులకు వెళ్ళవచ్చు. అక్కడ వాహనానికి ప్రవేశ రుసుము ఉంటుంది.

కొనవలసినది మనిషికి ఒక్క డిస్క్. అది పటర్ అనే, దగ్గరి దూరాలకు వాడే రకం కావాలి. ఆటసామాన్ల దుకాణంలో కళ్ళు చెదిరే రంగుల్లో ముందు వరుసలో కనిపించేవి డ్రైవర్లు. పదునైన అంచుతో, చాలా దూరం వెళ్ళేటట్లు కనిపిస్తాయి కానీ, వాటికి తగిన వేగాన్ని చేయి ఇవ్వలేనప్పుడు అవి పటర్ కంటే కూడా ముందే పక్కకు తిరిగి పడిపోతాయి. డిస్క్ మీద సాధారణంగా నాలుగు అంకెలు ముద్రించి ఉంటాయి. మొదటిది అది సరిగా ఎగరడానికి కావలసిన వేగం, రెండోది గాలిలో తేలే గుణం, మూడోది వేగంగా ఉన్నప్పుడు వంగే గుణం, నాలుగోది వేగం తగ్గాక చివర్లో పక్కకు వాలే గుణం. మీరు చూడవలసినది ముఖ్యంగా మొదటి అంకె. అది రెండు లేదా మూడు ఉన్నది తీసుకోండి. ఎవరికైనా కాస్త దూరం కావాలనిపిస్తే మొదటి అంకె నాలుగో ఐదో ఉన్న మిడ్‌రేంజ్ (మధ్య దూరాల) డిస్క్ ఒకటి ఇంటి మొత్తానికి సరిపోతుంది. మామూలు ప్లాస్టిక్‌తో చేసినవి సుమారు పది డాలర్లకే దొరుకుతాయి. పిల్లలకూ మీ అత్తగారికీ 150 గ్రాముల దగ్గరి బరువున్నవి నయం. పేరున్న డిస్క్‌ల తయారీ సంస్థ డిస్క్రాఫ్ట్ మీ డెట్రాయిట్ శివారులోని విక్సమ్‌లోనే ఉంది కాబట్టి, మీ ప్రాంతంలో సరుకు దొరకడం ఇబ్బంది కాదు.

మీ మామగారు పరుగు తీసి విసరనక్కరలేదు. నిలబడి, నడుము బలంగా తిప్పకుండా, మోచేతి నుంచి విసిరితే చాలు. పెద్దవారు బుట్టకు దగ్గరగా, పది పదిహేను అడుగుల నుంచి వేసే విసుర్లలో పిల్లల కంటే మెరుగ్గా ఉంటారు, ఎందుకంటే అక్కడ కావలసింది బలం కాదు, తొందరపడకపోవడం.

ఒక్క నియమం మాత్రం ఇంట్లో అందరి చేత, మరీ ముఖ్యంగా పిల్లల చేత, కచ్చితంగా పాటింపజేయండి. గోల్ఫ్ డిస్క్‌ను చేతితో పట్టుకునే ప్రయత్నం ఎవరూ చేయకూడదు. పార్కుల్లో ఒకరికొకరు విసురుకునే ఫ్రిస్బీ అంచు మందంగా, గుండ్రంగా ఉంటుంది. దీని అంచు సన్నగా, గట్టిగా ఉంటుంది, ముఖానికి తగిలితే తీవ్రమైన గాయమవుతుంది. విసిరేవారి ముందుకు ఎవరూ వెళ్ళకూడదు. ముందున్న జట్టు బుట్ట దగ్గర నుంచి పూర్తిగా తప్పుకునేదాకా విసరకూడదు. డిస్క్ దారి తప్పి మనుషుల వైపు వెళుతుంటే వెంటనే గట్టిగా కేక వేయాలి.

ప్రశ్న: మా అమ్మాయి వయసు తొమ్మిదేళ్ళు. బడి కోర్సులో ఎంత ప్రయత్నించినా డిస్క్ ప్రతిసారీ పైకి లేచి, ఎడమ వైపుకు తిరిగి నేలమీద పడిపోతోంది. ఏడుపు ముఖంతో ఇంటికి వస్తోంది. ఏమి చేయాలి? (ఒక తండ్రి, టెక్సాస్)

జవాబు: అమ్మాయి కుడిచేతి వాటం అనుకుని చెబుతున్నాను. కుడిచేత్తో ఛాతీ మీదుగా విసిరిన డిస్క్, పై నుంచి చూస్తే గడియారపు ముల్లు దిశలో తిరుగుతుంది. వేగం తగ్గినప్పుడు అది ఎడమకు వాలడం సహజం, పెద్ద పెద్ద ఆటగాళ్ళు విసిరినా వాలుతుంది. చిన్నపిల్లల చేతి వేగం తక్కువ కాబట్టి ఆ వాలు త్వరగా వస్తుంది, అంతే. ఎడమచేతి వాటమైతే ఇదంతా తిరగబడి కుడికి వాలుతుంది.

పైకి లేవడం మాత్రం సరిచేయవలసిన విషయం. అమ్మాయి వెనుక నిలబడి చూడండి. డిస్క్ చేయి వదలగానే దాని పైభాగం మీకు నిండుగా కనిపిస్తూ ఉంటే, ముందు అంచు పైకి లేచి ఉన్నట్లు. అలా లేచిన అంచు గాలికి అడ్డుపడి, డిస్క్ ఎత్తుకు పోయి, ఆగి, ఎడమకు జారుతుంది. పిల్లలు దూరం పోవాలన్న ఆశతో ఆకాశం వైపు విసరడం వల్ల ఇలా అవుతుంది. అమ్మాయికి కంటి ఎత్తులో ఉన్న ఏదైనా గురుతును, దూరాన ఉన్న కంచె పైకమ్మీ వంటిదాన్ని చూపించి, దానికి తగిలేలా విసరమనండి. బొటనవేలు డిస్క్ పైన, మిగిలిన వేళ్ళు కింద ఉండాలి. బొటనవేలితో కాస్త నొక్కి పట్టుకుంటే ముందు అంచు దానంతట అదే దిగుతుంది. కుడి భుజం బుట్ట వైపు పెట్టి పక్కకు నిలబడి, డిస్క్‌ను ఛాతీ ముందు నుంచి తిన్నగా లాగి, చేతికంటిన నీళ్ళను విదిలించినట్లు మణికట్టుతో వదలాలి. డిస్క్ నిలకడగా ఎగరాలంటే అది బాగా తిరగాలి, ఆ తిరుగుడు వచ్చేది ఈ విదిలింపు నుంచే.

అప్పటికీ ఎడమకు పోతే, బుట్టకు నాలుగైదు అడుగులు కుడిగా గురిచూడమనండి. ఇంకొక మాట: అమ్మాయి చేతిలో ఉన్నది డ్రైవర్ కాదు కదా? అన్నయ్యది తీసుకుని ఆడుతూ ఉంటే, తేలికైన పటర్ ఒకటి తనకంటూ కొనిపెట్టండి. ఒక వారంపాటు కోర్సంతా తిరగకుండా, ఒకే బుట్ట ముందు అయిదారు మీటర్ల దూరంలో నిలబడి పది నిమిషాలు గొలుసులకు వేయనివ్వండి. ఆ చప్పుడు వింటే ఏడుపు ముఖం ఉండదు.

ప్రశ్న: డిస్క్ గొలుసులకు తగిలి కింద పడితే లెక్కలోకి వస్తుందా? బుట్ట పైకప్పు మీద ఆగితే? (ఒక విద్యార్థి, న్యూజెర్సీ)

జవాబు: రెండూ రావు. డిస్క్ బుట్టలోగానీ, గొలుసుల్లోగానీ నిలిచి ఆగితేనే హోల్ పూర్తయినట్లు. ఏడెనిమిదేళ్ళ లోపు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మీతో ఆడుతూ ఉంటే గొలుసు తగిలితే చాలని ముందే ఒప్పందం చేసుకోవడం నాకు ఎంతో ఇష్టమైన ఏర్పాటు. టోర్నమెంటు అయితే మాత్రం నియమం నియమమే.

ప్రశ్న: నేను ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. డాలస్‌లో ఉన్న మా తమ్ముడి పిల్లలు బడిలో ఈ ఆట ఆడుతున్న వీడియో పంపారు. మా బడికి సుమారు నాలుగెకరాల మైదానం ఉంది. నడుమ క్రికెట్ పిచ్, ఒక పక్క ఖోఖో కోర్టు, ప్రహరీ వెంబడి వేపచెట్లు ఉన్నాయి. బుట్టలు కొనే స్తోమత లేదు. మేము ఇది మొదలుపెట్టవచ్చా? (ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: పెట్టవచ్చు మాస్టారూ, బుట్టలు లేకుండానే మొదలుపెట్టవచ్చు. పైన చెప్పినట్లు ఓక్ గ్రోవ్‌లో తొలి కోర్సుకు గుంజలే గురి. మీరు వెదురు గడలు పాతి పైన రంగుగుడ్డ కట్టినా, వేపకొమ్మకు పాత సైకిల్ టైరు వేలాడదీసినా పిల్లలకు గురి దొరికినట్లే. ఆట కుదిరిందనిపించాక ఊళ్ళోని వెల్డింగ్ షాపులో పైపు, ఇనుప చువ్వ వలయాలు, గొలుసులతో ఒక బుట్ట చేయించండి. బుట్ట అంచు పెద్దవారి నడుము ఎత్తుకు కాస్త తక్కువగా ఉంటే పిల్లలకు బాగుంటుంది. గొలుసులను లోపల ఒక వరుస, వెలుపల ఒక వరుసగా కట్టించండి. ఒకే వరుస అయితే డిస్క్ సందుల్లోంచి దూసుకుపోతుంది.

నాలుగెకరాల్లో తొమ్మిది హోళ్ళకు ఆశపడవద్దు. మామూలు కోర్సుకు హోల్‌కు ఎకరం చొప్పున లెక్కవేస్తారు, పొట్టి హోళ్ళకు అంతకన్నా తక్కువ చాలుతుంది. అయినా పిల్లలు గుంపుగా ఉండే చోట ఒక హోల్ దారి మరో దాని మీదుగా పోకూడదు. ప్రహరీ వెంబడి, చెట్ల నడుమ నుంచి, ముప్పై నలభై మీటర్ల హోళ్ళు నాలుగైదు వేసుకోండి. ఏ టీ కూడా తరగతి గదుల వైపు, మంచినీళ్ళ కుళాయి వైపు, మధ్యాహ్న భోజనం వండే షెడ్డు వైపు చూడకూడదు. ఎక్కువమంది కుడిచేతి వాటం పిల్లలే కాబట్టి డిస్క్‌లు ఎడమకు వాలతాయి; అందుకని ప్రతి హోల్‌కూ ఎడమ పక్క ఖాళీగా ఉండేటట్లు, నడకదారి ఏదైనా ఉంటే అది కుడివైపు దూరంగా ఉండేటట్లు చూసుకోండి. ఉదయం పూట తూర్పుకు, సాయంత్రం పడమటికి విసరవలసి వస్తే ఎండ కళ్ళలో పడి డిస్క్ ఎటు పోయిందో తెలియదు, కాబట్టి హోళ్ళను వీలైనంతవరకు ఉత్తర దక్షిణాలుగా వేయండి.

డిస్క్‌ల విషయానికి వస్తే, జట్లుగా ఫ్రిస్బీ అందించుకుంటూ ఆడే అల్టిమేట్ ఆటలో వాడే 175 గ్రాముల ఫ్రిస్బీలతోనే ప్రారంభించండి. గోల్ఫ్ డిస్క్ అంత దూరం పోవు, కానీ అంచు మొద్దుగా ఉంటుంది కాబట్టి తరగతి మొత్తాన్ని ఒకేసారి మైదానంలోకి దించినప్పుడు ప్రమాదం తక్కువ. నలుగురికి ఒకటి చొప్పున ఉన్నా పీరియడ్ నడుస్తుంది. ఒకరు విసిరితే ఒకరు లెక్క రాయాలి, ఒకరు డిస్క్ పడిన చోటు చూసిపెట్టుకోవాలి, ఒకరు ముందు దారి ఖాళీగా ఉందో లేదో చెప్పాలి. ఆడపిల్లలకు, మగపిల్లలకు విడివిడిగా పెట్టవలసిన పని లేదు.

గుంజలను నేరుగా నేలలో పాతకుండా, నేలకు సమంగా ఒక పైపు ముక్కను సిమెంటుతో బిగించి, అందులో గుంజ దించండి. మండల స్థాయి క్రికెట్ పోటీలకు, పోలింగ్ రోజుకు మైదానం ఖాళీ చేయమన్నప్పుడు అవి తీసి స్టోర్ రూములో పెట్టుకోవచ్చు. ఒక్కో గుంజకు అలాంటి పైపు ముక్కలు రెండు చోట్ల బిగిస్తే మరీ మంచిది: పిల్లల కాళ్ళ కింద ఒక చోట నేల గోతులు పడితే, వర్షాకాలంలో బురద అయితే, గుంజను రెండో చోటికి మార్చి, మొదటి చోట గడ్డి మళ్ళీ పట్టేదాకా వదిలేయవచ్చు. మీ మైదానం కొలతలు, చెట్లు ఉన్న చోట్లు ఒక కాగితం మీద గీసి పంపితే, మొదటి నాలుగు హోళ్ళు ఎటు నుంచి ఎటు వేస్తే బాగుంటుందో గుర్తుపెట్టి వచ్చే సంచికలో ప్రచురిస్తాము.