ఎమ్మెస్సీ పిల్లలకి గ్రాఫులు దేంతో నేర్పాలి?

ప్రశ్న: మేడం, నేను తిరుపతిలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ పిల్లలకి ఆర్ ప్రోగ్రామింగ్ చెప్తున్నా. ల్యాబ్ వారానికి ఒక్కసారే. గ్రాఫులకి ఆర్‌లో మొదట్నుంచీ ఉన్న ప్లాట్ ఫంక్షన్లు చెప్పాలా, లాటిస్ ప్యాకేజీ చెప్పాలా, నేరుగా జీజీప్లాట్2 ప్యాకేజీకి వెళ్ళిపోవాలా? సీనియర్లేమో మూడూ చెప్పమంటున్నారు, పిల్లలేమో పైథాన్ అంటున్నారు.
– ఒక లెక్చరర్, తిరుపతి

జవాబు: మూడూ వద్దు సార్. వారానికి ఒక్క ల్యాబ్‌లో మూడు రకాల సింటాక్స్ పెడితే బట్టీపట్టి పరీక్ష అవ్వగానే వదిలేస్తారు. జీజీప్లాట్2 ఒక్కటే గట్టిగా చెప్పండి.

ఎందుకంటారా, మదనపల్లె, పలమనేరు మార్కెట్ల టమాటా ధరలు తీసుకోండి. పాత ప్లాట్ పద్ధతి కాగితం మీద పెన్నుతో గీసినట్టే, గీసింది గీసిందే. ముందు మదనపల్లె గీత గీసి తర్వాత లైన్స్ ఫంక్షన్‌తో పలమనేరు కలిపితే, అక్కడ ధర బాగా పెరిగిన రోజుల్లో గీత ఫ్రేము దాటిపోయి కనపడదు, ఎందుకంటే యాక్సిస్ హద్దులు మొదటి గీతతోనే ఖాయమైపోయాయి. ఇదైనా కంటికి తెలుస్తుంది, వైలిమ్‌తో నిలువు యాక్సిస్ హద్దులు ఇచ్చి సర్దుకోవచ్చు. లెజెండ్, అంటే ఏ రంగు ఏ ఊరిదో చెప్పే పట్టీ, అలా కాదు, దాన్ని మనమే చేత్తో రాయాలి. రంగుల్ని ఫ్యాక్టర్ (వర్గాల పేర్లుండే కాలమ్) ప్రకారం ఇస్తే ఆర్ ఇంగ్లీషు అక్షరక్రమంలో మదనపల్లెకి మొదటి రంగు ఇస్తుంది, పిల్లాడు లెజెండ్‌లో పలమనేరు ముందు టైప్ చేశాడనుకోండి, రెండు ఊర్ల ధరలూ తారుమారు, ఎర్రరూ రాదు వార్నింగూ రాదు, రికార్డులో సంతకం కూడా పడిపోతుంది. జీజీప్లాట్2లో రంగుని మార్కెట్ అనే కాలమ్‌కే కడతాం కాబట్టి లెజెండ్ డేటాలోంచే వస్తుంది.

కష్టం ఇంకోచోట ఉంది. ధరల ఎక్సెల్ షీట్లో మామూలుగా తేదీ ఒక కాలమ్, ఒక్కో మార్కెట్‌కి ఒక్కో కాలమ్ ఉంటాయి కదా, జీజీప్లాట్2కి మాత్రం మార్కెట్ పేరంతా ఒక కాలమ్‌లో, ధరంతా ఇంకో కాలమ్‌లో ఉండాలి. పివట్ లాంగర్ అనే ఫంక్షన్‌తో అలా మార్చడం దగ్గర క్లాసు ఆగిపోతుంది. ఆగనివ్వండి, ఒక ల్యాబ్ మొత్తం దానికే పోయినా నష్టం లేదు, రేపు మిక్స్‌డ్ మోడల్ వేసేటప్పుడు కూడా డేటా ఇలాగే కావాలి. ప్రాక్టీసుకి 1973లో యాన్‌స్కోంబ్ అనే స్టాటిస్టీషియన్ ఇచ్చిన నాలుగు డేటాసెట్లు ఆర్‌లోనే ఉన్నాయి, అన్నింటికీ కోరిలేషన్ దాదాపు 0.816, గీస్తే మాత్రం నాలుగూ నాలుగు రకాలు. అవీ ధరల షీట్‌లాగే ఒక్కోదానికి వేరే కాలమ్‌లతో వెడల్పుగానే ఉంటాయి, మార్చి గీయమనండి.

పాత ప్లాట్‌ని పూర్తిగా మానెయ్యమనట్లేదు. ఎల్ఎమ్ (లీనియర్ రిగ్రెషన్) మోడల్ మీద ప్లాట్ అనగానే రెసిడ్యువల్స్ చూసుకోడానికి నాలుగు గ్రాఫులు వస్తాయి, దానికి అది చాలు. లాటిస్ మంచి ప్యాకేజీ, రాసింది ఢిల్లీ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న దీపాయన్ సర్కార్, పిల్లలకి ఆ సంగతి తప్పకుండా చెప్పండి, కానీ ఒక్కో వర్గానికి ఒక్కో చిన్న గ్రాఫు గీసే ప్యానెళ్ళ పని జీజీప్లాట్2 ఫేసెట్లతోనే అయిపోతుంది.

పైథాన్ అడిగేవాళ్ళకి అందులో ఉన్న ప్లాట్‌నైన్ ప్యాకేజీ చూపించండి, జీజీప్లాట్2కి ఆధారమైన, 1999లో లీలండ్ విల్కిన్సన్ చెప్పిన గ్రాఫుల వ్యాకరణమే అక్కడా నడుస్తుంది, ఇక్కడ నేర్చుకున్నది వృథా పోదు.

జీజీప్లాట్2లో గ్రాఫు భాగాల్ని కలిపే ప్లస్ గుర్తు లైను చివర్లోనే పెట్టాలని మొదటిరోజే బోర్డు మీద రాయండి, కింది లైను మొదట్లో పెట్టి ఎర్రర్ వచ్చిందని అందరూ పిలుస్తారు. ప్యాకేజీ మాత్రం ముందురోజే అన్ని సిస్టమ్స్‌లో ఇన్‌స్టాల్ చేయించండి, క్లాసులో అందరూ ఒకేసారి డౌన్‌లోడ్ పెడితే ల్యాబ్ నెట్‌తోనే గంట గడిచిపోతుంది.