టెస్లా వచ్చాక చైనా కంపెనీలు మునిగాయా, తేలాయా: పక్క ఊళ్ళో ఉండి నేను చూసింది

మీ ప్రశ్న: "టెస్లా ముంబైలో షోరూం తెరిచింది. ఇక మన టాటా, మహీంద్రాల గతేంటి? చైనాలో టెస్లా రావడం వల్లే అక్కడి కంపెనీలు రాటుదేలాయంటారు, నిజమేనా?"

చైనా సంగతి నాకు కొంత తెలుసు. 2017 నుంచి 2022 దాకా షాంఘై పక్కనున్న కున్‌షాన్‌లో ఒక అల్యూమినియం కాస్టింగ్ కంపెనీలో, అంటే కరిగించిన అల్యూమినియంతో కారు విడిభాగాలు పోతపోసే చోట, క్వాలిటీ చూసేవాణ్ణి. మేం టెస్లాకి ఒక్క ముక్క కూడా సప్లై చేయలేదు. అయినా షాంఘైలో టెస్లా పెట్టిన ఫ్యాక్టరీ సెగ మాకు బాగానే తగిలింది.

నేను వెళ్ళిన కొత్తలో షాంఘైలో పెట్రోలు కారు నంబరు ప్లేటుని వేలంలో కొనుక్కోవాలి. ఒక్క ప్లేటుకే దాదాపు 90 వేల యువాన్లు. ఎలక్ట్రిక్ కారుకైతే ఆకుపచ్చ ప్లేటు ఉచితం. మా ఆఫీసులో ఒకాయన ఎలక్ట్రిక్ కారు కొంటే "కారు బాగుందా?" అని అడిగాను. "నేను కొన్నది నంబరు, దానికింద కారు కూడా ఇచ్చారు" అన్నాడు. అప్పట్లో ఎక్కువగా అమ్ముడుపోయేవి ప్రభుత్వ సబ్సిడీ లెక్కలు చూసుకుని చేసిన చిన్న కార్లే. ఇష్టపడి కొనేవాళ్ళు నాకు తెలిసినంతలో తక్కువ.

ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. టెస్లా చైనాకి వచ్చింది 2019లో కాదు, 2014లో. మోడల్ ఎస్‌ని అమెరికా నుంచి ఓడలో తెచ్చి 7,34,000 యువాన్లకు అమ్మింది. ఐదేళ్ళకు పైగా అలా దిగుమతి కారుగానే తిరిగింది, డబ్బున్నవాళ్ళు కొనుక్కున్నారు. పాత కంపెనీలు పెద్దగా పట్టించుకోలేదు. కాకపోతే దాన్ని చూసి కొందరికి ఆశ పుట్టింది. నియో, షావ్‌పెంగ్, లీ ఆటో అనే చైనా కార్ల కంపెనీలు మూడూ 2014, 2015 ప్రాంతంలో మొదలైనవే. అంటే దిగుమతైన ఆ కారు, కొత్త కంపెనీలు పెట్టేవాళ్ళని కదిలించింది. మాలాంటి సప్లయర్లని కదిలించడానికి మాత్రం ఫ్యాక్టరీ రావాల్సి వచ్చింది.

అది ఎలా వచ్చిందంటే, 2018 దాకా విదేశీ కార్ల కంపెనీ ఏదైనా చైనాలో తయారుచేయాలంటే స్థానిక కంపెనీతో పొత్తు పెట్టుకుని సగం వాటా ఇవ్వాల్సిందే. ఎలక్ట్రిక్ కార్లకు ఆ నిబంధనని 2018లో ఎత్తేశారు. అదే ఏడాది అమెరికాతో వాణిజ్య గొడవ ముదిరి అమెరికా కార్ల మీద సుంకం 40 శాతానికి పోయింది. ఇక టెస్లాకి అక్కడే కట్టడం తప్ప మార్గం లేదు. 2019 జనవరి 7న షాంఘై శివారు లింగాంగ్‌లో బురద నేలలో శంకుస్థాపన జరిగింది. డిసెంబర్ 30కల్లా అదే చోట తయారైన కార్లు ఉద్యోగుల చేతికొచ్చాయి. ఏడాది కూడా పట్టలేదు. షాంఘై అధికారులు వెంటపడి పనులు చేయించారు, చైనా బ్యాంకులు అప్పులిచ్చాయి, పన్నులో రాయితీ కూడా దొరికింది. ఊరికే "విదేశీ కంపెనీని రానిచ్చారు" అంటే సరిపోదు, ఏరికోరి పిలుచుకున్నారు.

అక్కడి పత్రికలు అప్పట్లో దీన్ని "నియాన్‌యు షియావోయింగ్" అనేవి. జెల్ల చేప ప్రభావం అని అర్థం (మన వాలుగ కూడా ఆ జాతే). ఓడలో సార్డిన్ చేపల్ని తెస్తూ తెస్తూ చచ్చిపోతుంటే తొట్టిలో ఒక జెల్లని వదిలారట, దాన్ని తప్పించుకోవడానికి అటూ ఇటూ ఈదుతూ సార్డిన్లు బతికాయట. ఈ కథ సెలవుల్లో వచ్చినప్పుడు కైకలూరులో చేపల చెరువులున్న మా మామయ్యకి చెప్పాను. ఆయన పగలబడి నవ్వాడు. "ఒరేయ్, మా చెరువులో ఒక్క వాలుగ పడితే బొచ్చె పిల్లా, శీలావతి పిల్లా ఒక్కటి మిగలదురా. ఈ కథ రాసినోడు చేపలు పెంచుండడు." కాసేపాగి మళ్ళీ ఆయనే అన్నాడు, "కిలో దాటిన బొచ్చె ఉందనుకో, దాన్నేం చేయలేదులే."

ఆ రెండో మాట నాకు బాగా గుర్తుండిపోయింది. చైనాలో జరిగింది దాదాపు అదే.

ముందు మా కాస్టింగ్ ఫ్యాక్టరీలో ఏం మారిందో చెప్తాను. షాంఘైలో తయారైన మోడల్ 3కి 2019 చివర్లో చెప్పిన ధర 3,55,800 యువాన్లు. 2020 జనవరిలో సబ్సిడీ పోను 2,99,050 అయింది. అదే ఏడాది అక్టోబర్లో, చైనా బ్యాటరీ కంపెనీ సీఏటీఎల్ వాళ్ళ చవక రకం బ్యాటరీ పెట్టాక, 2,49,900. ఆ రోజు మా లావోబాన్, అంటే యజమాని, బోర్డు మీద ఈ మూడు అంకెలూ రాసి, కింద మా కస్టమర్ల కార్ల ధరలు రాశాడు. ఏమీ మాట్లాడలేదు. అందరికీ టెన్షన్ పట్టుకుంది. పది నెలల్లో ఒక కారు ధర అంత పడిందంటే కంపెనీ లాభం వదులుకుందని కాదు, విడిభాగాలు చుట్టుపక్కలే చేయించుకుంటోందని. నింగ్‌బో, సూజౌ, వూషీ... అన్నీ మా చుట్టాల్లాంటి ఊళ్ళే. అక్కడి ఎవరో మాకంటే తక్కువకి, మాకంటే త్వరగా చేసిస్తున్నారన్నమాట.

అంతకుముందు పెట్రోలు కార్ల కస్టమర్లు డ్రాయింగు ఇచ్చిన దగ్గర్నుంచి శాంపిల్ ఓకే అయ్యేదాకా ఏడాదిన్నర పట్టేది. ఏడాదికోసారి వచ్చి రేటు ఇంత తగ్గించండి అని బేరమాడి భోంచేసి వెళ్ళేవారు. 2020 తర్వాత వచ్చినవాళ్ళ వరసే వేరు. సోమవారం డ్రాయింగు పంపి, శుక్రవారానికి డై, అంటే పోత అచ్చు, డిజైన్ అడిగేవారు. ట్రయల్ జరుగుతుండగానే డ్రాయింగు మార్చేవారు. నాకు మొదట్లో చిరాకేసేది. క్వాలిటీ వాడికి మారుతూ ఉండే డ్రాయింగు కంటే పెద్ద శత్రువు లేడు.

కానీ అడిగే ప్రశ్నలు మారాయి, నాకు నచ్చింది అదే. "రేటెంత తగ్గిస్తారు" పోయి, "ఈ నాలుగు ముక్కలూ కలిపి ఒకే ముక్కగా పోయగలరా" అని అడగడం మొదలైంది. టెస్లా మోడల్ వైలో వెనక అడుగు భాగంలోని సుమారు 70 ముక్కల్ని ఒకటి రెండు పెద్ద కాస్టింగులుగా మార్చింది. దానికి 6,000 టన్నుల బలంతో అచ్చుని నొక్కిపట్టే మెషీన్లు తెచ్చింది. మా దగ్గరున్న అతిపెద్దది 2,500 టన్నులది. తమాషా ఏంటంటే ఆ పెద్ద మెషీన్లు చేసే ఇటలీ కంపెనీ ఇద్రా అప్పటికే ఎల్‌కే అనే చైనా కంపెనీ చేతిలో ఉంది. యంత్రం, నైపుణ్యం ఊళ్ళోనే ఉన్నాయి, వాటితో ఇలాంటి పని అడిగే కస్టమరే లేడు. టెస్లా అడిగింది. ఆ తర్వాత నియో, షావ్‌పెంగ్, షావోమీ వరసగా ఆ దారే పట్టాయి. 2024లో షావోమీ తన మొదటి కారు ఎస్‌యూ7కి వాడిన మెషీను 9,100 టన్నులది. ఆ కారు ధర 2,15,900 యువాన్లు, అప్పటి మోడల్ 3 కంటే సరిగ్గా 30 వేలు తక్కువ. ఆ ముప్పై వేల సంగతి షావోమీ అధిపతి లే జున్ వేదిక మీదే చెప్పుకున్నాడు.

మనుషులూ కదిలారు. మా దగ్గర ప్రాసెస్ చూసే కుర్రాడు, అచ్చుపోసిన ముక్కని చూసి పోరోసిటీ, అంటే లోపలి సన్నటి బుడగలు, ఎక్కడుందో వేలితో చూపించేవాడు, ఒక కొత్త కార్ల కంపెనీకి వెళ్ళిపోయాడు. జీతం రెట్టింపు. వాడి స్థానంలో ఎవరూ దొరక్క ఆరు నెలలు నేను రెండు ఉద్యోగాలు చేశాను.

ఇక మామయ్య చెప్పిన కిలో బొచ్చె. అది చైనా కంపెనీ బీవైడీ. 1995లో బ్యాటరీలతో మొదలై 2003లో కార్లలోకి వచ్చింది. 2011లో టీవీ ఇంటర్వ్యూలో బీవైడీ పేరెత్తితే టెస్లా అధిపతి మస్క్ నవ్వాడు, ఆ వీడియో చైనాలో చూడనివాడు లేడు. టెస్లా షాంఘై కార్లు రోడ్డెక్కిన 2020లోనే బీవైడీ మార్చిలో బ్లేడ్ అనే కొత్త రకం బ్యాటరీ, జూలైలో హాన్ అనే కారు తెచ్చింది. వాటి పని టెస్లా రాకముందే మొదలై ఉంటుంది కదా, నెలల్లో బ్యాటరీ పుట్టదు. అందుకే "టెస్లా వల్లే" అంటే ఒప్పుకోను. టెస్లా చేసింది, ఎలక్ట్రిక్ కారంటే నంబరు ప్లేటు కోసం భరించేది కాదు, కోరి కొనేది అని జనానికి చూపించడం. అది చిన్న పని కాదు. 2019లో చైనాలో ఎలక్ట్రిక్, ప్లగిన్ హైబ్రిడ్ కార్లు, బస్సులు అన్నీ, ఎగుమతులతో సహా, 12 లక్షలు అమ్మితే, 2021లో 35 లక్షలు, 2024లో దాదాపు కోటీ 29 లక్షలు. అలా పెరిగిన దాంట్లో ఎక్కువ భాగం స్థానిక కంపెనీలే తీసుకున్నాయి. 2023 చివరి మూడు నెలల్లో బ్యాటరీ కార్ల అమ్మకాల్లో బీవైడీ ప్రపంచవ్యాప్తంగా టెస్లాని దాటేసింది.

వేలెడంత చేపపిల్లల్లాంటి చిన్న కార్ల కంపెనీలు కూడా చాలా పోయాయి. డబ్ల్యూఎం మోటార్ 2023లో దివాలా కోర్టుకెక్కింది, హైఫై 2024లో ఉత్పత్తి ఆపేసింది. నియో కూడా 2020లో హెఫై నగర ప్రభుత్వం నడిపించిన 700 కోట్ల యువాన్ల పెట్టుబడి లేకపోతే పోయేదే. మాకూ ఒక కస్టమర్, పేరు వద్దులెండి, డై చేయించుకుని ఆ డబ్బు ఎగ్గొట్టాడు. ఇంకొకాయన డబ్బుకి బదులు ఆరు నెలల తర్వాత చెల్లే కాగితాలు ఇచ్చేవాడు, మన పాత హుండీల్లాంటివి. జీతాల రోజున లావోబాన్ ఆ కాగితాల్ని తక్కువకి అమ్ముకుని మాకు ఇచ్చేవాడు. ఈ గొడవ ఎంత ముదిరిందంటే 2025 జూన్‌లో పెద్ద కంపెనీలన్నీ సప్లయర్లకి 60 రోజుల్లో డబ్బు ఇస్తామని బహిరంగంగా మాటివ్వాల్సి వచ్చింది. పోటీ వల్ల కారు చవకైందని సంతోషించేవాళ్ళు ఆ చవకలో కొంత ఇక్కడి నుంచి వచ్చిందని కూడా తెలుసుకోవాలి.

మన దగ్గరికి వద్దాం. 2025 జూలైలో ముంబైలో 59.89 లక్షలకి పెట్టిన మోడల్ వై షాంఘైలో తయారై ఓడలో వచ్చింది. అంటే మనం చైనా 2014లో ఉన్న చోట ఉన్నాం. ఆ కారు చూసి నెక్సాన్ కొనేవాడు మనసు మార్చుకోడు.

నా లెక్కలో మన చెరువులో పడ్డ అసలు వాలుగ ఎంజీ విండ్సర్ అనే ఎలక్ట్రిక్ కారు. 2024 సెప్టెంబర్లో బ్యాటరీని అద్దెకిచ్చే పద్ధతిలో 9.99 లక్షలకి, కిలోమీటరుకి మూడున్నర రూపాయల చొప్పున వచ్చింది. దాని ధర ప్రకటించే ముందు రోజే టాటా నెక్సాన్ ఈవీ మీద 3 లక్షల దాకా తగ్గించింది. విండ్సర్ మొదటి యజమానికి బ్యాటరీ మీద జీవితకాల వారంటీ అంటే, మహీంద్రా తన కొత్త కార్లకి అదే ఇచ్చింది, టాటా కూడా 2025లో హారియర్, కర్వ్, నెక్సాన్ ఎలక్ట్రిక్ కార్లలో కొన్నిటికి ఇచ్చింది. ఒకప్పుడు 70 శాతం దాటిన టాటా వాటా సగానికంటే కిందికి వచ్చింది.

విండ్సర్ మూలం చైనాలో వూలింగ్ కంపెనీ బావోజున్ పేరుతో తెచ్చిన కారే. 2020లో 28,800 యువాన్లకి బుల్లి ఎలక్ట్రిక్ కారు తెచ్చి నెలవారీ అమ్మకాల్లో మోడల్ 3ని దాటింది కూడా ఆ వూలింగే. అంటే టెస్లా పడ్డ చెరువులో పెరిగిన చేపే ఇప్పుడు మన చెరువులోకి వచ్చింది.

నేనిప్పుడు శ్రీపెరంబుదూర్ దగ్గర మళ్ళీ కాస్టింగులే చూస్తున్నాను. మా ప్లాంటులో టెస్లా గురించి టీ తాగేటప్పుడు మాట్లాడుకుంటాం, అంతే. విండ్సర్ వచ్చిన కొన్ని నెలలకి మాత్రం ఒక కస్టమర్ నుంచి రేటు తగ్గించమని మెయిలొచ్చింది, దాంతోపాటు రెండు ముక్కలు కలిపి ఒకటి చేయగలరా అని ఒక డ్రాయింగు కూడా. గడువు నాలుగు నెలలిచ్చారు. కున్‌షాన్‌లో అయితే శుక్రవారం అనేవాళ్ళు.