అల్లుడూ, పదిహేను పిచ్ వద్దు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఫైబర్ బోటు చూడముచ్చటగా ఉంది, 25 హార్స్ పవర్ మోటారు దానికి చాలు. ఫొటోల కింద నువ్వు రాసిన మాట చూసే ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుంటే బోటు ముక్కు ఎత్తుకునే ఉంటోంది, నీళ్లమీదికి లేవట్లేదు, 13 తీసేసి 15 పిచ్ ప్రొపెల్లర్ వేస్తే స్పీడు వస్తుందంటున్నారు అన్నావు. అన్నదెవరో గానీ, ఆ స్పీడు రాదు సరికదా ఉన్నది కూడా పోతుంది. నీకు కావలసింది 13 కన్నా చిన్న పిచ్.

ఒకసారి ప్రొపెల్లర్ బొడ్డు మీద చూడు. 9⅞ × 13 అని ఉంటుంది. మొదటి అంకె రెక్కలు తిరిగే చక్రం వెడల్పు, రెండోది పిచ్. రెండూ అంగుళాలే. చెక్కలో స్క్రూ ఒక చుట్టు తిప్పితే ఎంతో కొంత లోపలికి దిగుతుంది కదా. అలాగే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే 13 అంగుళాలు ముందుకి పోవాలని లెక్క. కానీ నీళ్లు చెక్కలాగా గట్టిగా పట్టుకోవు, జారిపోతాయి. ఎంత జారుతుందన్నది నువ్వు మోసే బరువును బట్టి ఉంటుంది.

స్కూటర్ మీద ముగ్గురు ఎక్కి, టాప్ గేర్‌లో ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు ఎక్కితే ఏమవుతుంది? బండి దడదడలాడుతుంది, యాక్సిలరేటర్ తిప్పినా ముందుకి రాదు. పెద్ద పిచ్ కూడా టాప్ గేరే. ఒక్కడివే ఎక్కినప్పుడు బాగుంటుంది, అత్తయ్య, పిల్లలు, కూలర్ డబ్బా ఎక్కాక బాగుండదు.

ఇది నాకెవరూ చెప్పలేదు, ఒక ఇంజన్ పోగొట్టుకుని నేర్చుకున్నాను. కొత్తలో దుకాణంవాడు చెప్పాడని పెద్ద పిచ్ వేసుకున్నాను. ఒక్కడినే భవానీ ద్వీపం దాకా వెళ్లొస్తే రేసు బోటు నడిపినట్టుంది. ఇక చూసుకో, వచ్చినవాళ్లందరినీ ఎక్కించడమే. ఇంజన్ గొంతు బొంగురుపోయినా పట్టించుకోలేదు. ప్లగ్గులు విప్పితే కాటుక పట్టినట్టు నల్లగా ఉన్నాయి, తుడిచి పెట్టేశాను. ఆ సీజన్ దాటకుండానే పిస్టన్ పోయింది. ప్రొపెల్లర్ మీద పెట్టిన డబ్బుకి ఎన్ని రెట్లు రిపేరుకి అయిందో మీ అత్తయ్య ఇప్పటికీ లెక్క చెబుతుంది.

అందుకని స్పీడుని చూసి పిచ్ ఎంచుకోకు. ఫుల్ థ్రాటిల్‌లో ఇంజన్ ఎన్ని ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లు, తిరుగుతోందో చూసి ఎంచుకో. నీ మోటారు పుస్తకంలో 5000 నుంచి 6000 అని రాసి ఉందన్నావు. నువ్వు మామూలుగా మోసే బరువుతో ఆర్‌పీఎం మీటరు ముల్లు ఆ రెండింటి మధ్య నిలబడాలి. అయిదుగురు ఎక్కితే 4900 చూపించిందన్నావు, అంటే పిచ్ ఎక్కువైనట్టే. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 200 ఆర్‌పీఎం పెరుగుతుందని మేం చేతి లెక్క వేసుకుంటాం. నీకు 5400 కావాలంటే రెండున్నర అంగుళాలు దించాలి. అంటే పదిన్నర.

పిచ్ తగ్గిస్తే స్పీడు తగ్గదా అని అడుగుతావు. నీ అంకెలే తీసుకో. ఇంజన్ 2.08 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరుగుతుంది, అదే గేర్ నిష్పత్తి. 4900ని ఆ 2.08తో భాగిస్తే ప్రొపెల్లర్ నిమిషానికి 2356 చుట్లు తిరుగుతుంది. చుట్టుకి 13 అంగుళాలు అనుకుంటే గంటకు 46 కిలోమీటర్ల పైమాటే రావాలి. నీ ఫోన్‌లో స్పీడు చూపించింది 31. మూడో వంతు జారుడికే పోయింది. పదిన్నరతో 5400 తిరిగితే లెక్కకు 41 వస్తుంది గానీ, బోటు నీళ్లమీదికి లేస్తుంది, జారుడు తగ్గుతుంది. అప్పుడు ఫోన్‌లో అదే 31 వచ్చినా, ఇంకాస్త పెరిగినా నేను ఆశ్చర్యపోను.

ఒక్కడివే వెళ్లిన రోజు ముల్లు 6000 దాటబోతే థ్రాటిల్ కాస్త వెనక్కి లాగు, అంతే.

కొనేముందు ఒక రోజు పరీక్ష పెట్టు. ట్యాంకు నింపి, రోజూ ఎక్కేంత మందిని ఎక్కించి, గాలి లేవకముందే తెల్లారి వెళ్లు. ప్రకాశం బ్యారేజీ వెనక నీళ్లు మామూలుగా చెరువులా నిలబడి ఉంటాయి కాబట్టి మన దగ్గర ఈ పరీక్ష సుఖం. ఎగువకొకసారి, దిగువకొకసారి పోయి సగటు తీసుకో. బ్యారేజీ గేట్లు ఎత్తి ఉన్న రోజు మాత్రం బోటు దించనే దించకు. ఆ లాగుడు పైకి కనపడదు.

ఆర్‌పీఎం తగ్గిందంటే ప్రతిసారీ పిచ్ తప్పే అనుకోకు. గుర్రపు డెక్క వేళ్లు, తెగిన వల దారం షాఫ్టుకి చుట్టుకున్నాయేమో చూడు. నీ బోటు అడుగున పాచి ఉన్నట్టు ఫొటోలోనే కనపడుతోంది, ముందు అది గీకించు. దీనికి తలకిందులు ఇంకొకటుంది. ఇంజన్ ఒక్కసారిగా గయ్యిమని అరిచి బోటు కదలకపోతే బొడ్డులోని రబ్బరు జారుతోందన్నమాట. లోపలి గొట్టం మీద నుంచి బయటి బొడ్డు దాకా పెయింటుతో ఒక గీత గీసి నడిపి రా. గీత రెండు ముక్కలై చెరో చోట ఉంటే అనుమానం అక్కర్లేదు, ఆ ప్రొపెల్లర్ పని అయిపోయినట్టే.

స్టీల్‌ది కొననా అన్నావు. వద్దు, అల్యూమినియం తీసుకో. మన ఏట్లో ఇసుక మేట ఎక్కడ లేస్తుందో ఎవరికీ తెలీదు. మేటకి కొట్టుకుంటే అల్యూమినియం రెక్క వంగి ఊరుకుంటుంది. స్టీల్ వంగదు, ఆ దెబ్బ గేర్లకి తగులుతుంది.

బిగించేటప్పుడు ముందు ఇంజన్ ఆపే కిల్ స్విచ్ తాడు లాగేసి, ప్లగ్ వైర్లు పీకెయ్. రెక్కకీ పైన ప్లేటుకీ మధ్య చెక్కముక్క అడ్డం పెట్టి నట్టు తిప్పు, చేత్తో రెక్క పట్టుకోకు. షాఫ్టుకి గ్రీజు దండిగా పూయి. నట్టు ఊడకుండా పెట్టే కాటర్ పిన్ పాతది మళ్లీ వాడకు, కొత్తది పెట్టు.

పాత 13ని అమ్మెయ్యకు. గుడ్డలో చుట్టి, స్పానరూ రెండు పిన్నులూ కలిపి సీటు కింద పెట్టుకో. వచ్చే ఆదివారం ఆరింటికల్లా ఫెర్రీ ఘాట్ దగ్గరికి వస్తాను, నా టాకోమీటర్, అదే ఆర్‌పీఎం మీటరు, కూడా తెస్తాను. నీ బోటులో ఉన్నది తప్పు చూపిస్తోందేమోనని నాకు మొదటినుంచీ అనుమానం.

మీ మావయ్య